ఒరలో వదులైన కత్తి

మా వంటింటి కత్తికి ఒక తోలు ఒర ఉంది. కత్తి కొన్న కొత్తలో, నేను పుట్టక ముందే, తాతయ్య దాన్ని సరిగ్గా కత్తి కొలతకు కత్తిరించి, మైనం పట్టించిన దారంతో అంచుల వెంట కుట్టారు. ఆ రోజుల్లో కత్తిని అందులోంచి బయటికి తీయడానికి కాస్త బలం కావలసి వచ్చేదని అమ్మ చెప్పేది. ఇప్పుడు ఒరను తలకిందులు చేస్తే చాలు, కత్తి దానంతట అదే జారి పడుతుంది. ఒర లోపలి వెడల్పు 48 మిల్లీమీటర్లు ఉండగా, కత్తి అలుగు పిడి దగ్గర 38 మిల్లీమీటర్లే మిగిలింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నారు గానీ, మా ఒరలో మాత్రం పళ్లు కోసుకునే చిన్న కత్తికి కూడా చోటు దొరుకుతుంది.

ఆ 10 మిల్లీమీటర్ల ఉక్కు ఏమైపోయిందని మొన్న మా అమ్మాయి అడిగింది. కూరగాయలు ఉక్కును అంతగా అరగదీయలేవు. తిన్నదంతా సానే తిన్నది. ఏ సాన ఎంత తిన్నదో, ఎవరి చేతిలో ఉండగా తిన్నదో నేను ఇంచుమించుగా లెక్క చెప్పగలను. ఆ లెక్కలో పెద్ద వాటా నాదే కావడం వల్ల ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తాతయ్య సానరాయి జానెడు పొడవుండేది. దానికి ఒక వైపు ముదురు బూడిద రంగులో గరుకుగానూ, రెండో వైపు కొంచెం లేతగా, నున్నగానూ ఉండేది. అది ఏదో కొండను తొలిచి తెచ్చిన రాయని చిన్నప్పుడు నేను నమ్మేదాన్ని. నిజానికి అది కొలిమిలో పుట్టిన రాయి. 1891లో ఎడ్వర్డ్ గుడ్రిచ్ ఆచెసన్ అనే అమెరికా దేశస్థుడు కృత్రిమంగా వజ్రాలు చేయాలన్న ఆశతో బంకమట్టినీ, కోకు బొగ్గు పొడినీ కలిపి విద్యుత్తుతో తీవ్రంగా వేడిచేస్తే, వజ్రాలు రాలేదు గానీ మెరిసే గట్టి స్ఫటికాలు దొరికాయి. అవి కర్బనమూ, కోరండమనే గట్టి ఖనిజమూ కలిసిన పదార్థమని పొరబడి ఆయన వాటికి కార్బోరండమ్ అని పేరు పెట్టాడు. అవి సిలికాన్ కార్బైడ్ అని తరువాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది. కోరండమ్ అన్న మాట మన కురువిందానికి చుట్టమే కాబట్టి, విదేశీ ప్రయోగశాలలో పుట్టిన ఆ రాయికి సగం పేరు మన వైపు నుంచే వెళ్లిందని తెలిసినప్పుడు నాకు తాతయ్య గుర్తుకు వచ్చారు. ఆయన బతికి ఉండి ఈ సంగతి విని ఉంటే, రాయిని ఇంకో నాలుగు రోజులు ఎవరికీ ఇచ్చేవారు కాదు.

నూరే ముందు ఆయన రాయిని తడిగుడ్డ మీద పెట్టేవారు. కదలని రాయి మీదే చెయ్యి నమ్మకంగా కదులుతుందని అనేవారు. తరువాత రాయి మీద కొద్దిగా నీళ్లు చిలకరించి, కత్తి వెన్నును ఎత్తి, ఆ ఎత్తు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి వెన్ను కింద తన చిటికెనవేలిని దూర్చి చూసుకునేవారు. వేలు దూరి, వెన్నును తాకీ తాకనట్టు ఉంటే వాలు కుదిరిందని అర్థం. ఆయనకు డిగ్రీలతో పని పడలేదు. చాలా ఏళ్ల తరువాత నేను లెక్క వేసి చూశాను. ఆయన చిటికెనవేలు సుమారు 15 మిల్లీమీటర్ల మందం ఉండేదనుకుంటే, 48 మిల్లీమీటర్ల అలుగుకు ఆ ఎత్తు 18 డిగ్రీల వాలును ఇస్తుంది. మెత్తని ఉక్కుతో చేసిన వంటింటి కత్తులకు ఒక్కో వైపు 20 డిగ్రీల దాకా, గట్టి ఉక్కుతో పలచగా చేసిన జపాన్ తరహా కత్తులకు 15 డిగ్రీల దాకా ఉంటే బాగుంటుందని అనుభవజ్ఞులు చెప్పే హద్దుల మధ్యనే ఆయన వేలు సరిగ్గా ఇమిడిపోయింది.

కొలిచే వేలు లేనివారికి కాగితం ఉంది. చదరపు కాగితం మూలను ఒకసారి సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ మడిస్తే 22.5 డిగ్రీలు వస్తాయి. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టి, వెన్నును దానికన్నా పిసరంత కిందికి దించితే చాలు. డిగ్రీ అటూ ఇటూ అయినా కత్తి అలగదు. ఒక రాపిడికీ మరో రాపిడికీ మధ్య వాలు మారితే మాత్రం కోసే అంచు, అంటే వాదర, గుండ్రబడిపోయి, ఎంత నూరినా పదును నిలవదు.

ఒక వైపున పిడి నుంచి మొన దాకా తొందర లేకుండా పదిహేను ఇరవై సార్లు నూరి, ఆయన ఆగి, రెండో వైపున బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపుకు మెల్లగా జార్చేవారు. అలా అడ్డంగా జార్చడమే గానీ, వాదర వెంట నిలువునా వేలు పోనివ్వడం ఆ ఇంట్లో నిషిద్ధం. వేలికి చిన్న గీరుడు తగిలితే ముఖం వెలిగేది. "గరుకు లేచింది చూడమ్మడూ" అని నా వేలిని కూడా పట్టుకుని చూపించేవారు. యంత్రశాలల్లో దీన్ని బర్ అంటారు. నూరిన వైపు నుంచి ఉక్కు అంచు దాటి, రెండో వైపుకు వెంట్రుకంత సన్నగా ఒరిగిన పొర అది. అది పిడి నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా తగిలితేనే రాయి వాదరను అంతటా ముట్టిందని రుజువు. ఎక్కడైనా తగలకపోతే అక్కడ ఇంకా మొద్దుగానే ఉన్నట్టు. అప్పుడు కత్తిని తిప్పి రెండో వైపు నూరి, గరుకును ఇవతలికి రప్పించి, ఆ తరువాత నున్నటి వైపున ఒత్తిడి తగ్గించుకుంటూ అటొకటి ఇటొకటిగా నూరి, చివరికి ఒరను బల్ల మీద పరిచి దాని బయటి తోలు మీద వెన్ను ముందుగా నాలుగైదు సార్లు లాగేవారు. మిగిలిన గరుకు ఆ తోలుకు అంటుకుని పోయేది. ఇప్పుడు నేను అలాంటి తోలు పట్టా మీదే ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడ్ ముద్ద పూసి లాగుతాను. చేసే పని మాత్రం ఒకటే.

నేను ఈ విషయంలో ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం ఆ గరుకే. షార్పెనర్ ఏదైనా కొనే ముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న, అది నాకు గరుకును చూడనిస్తుందా లేదా అన్నది. రెండో ప్రశ్న, ఆ గరుకు కోసం అది నా కత్తిలో ఎంత తింటుంది అన్నది. ఈ రెండు ప్రశ్నలనూ నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

పదును అన్న మాట మీద తాతయ్యకు ఒక మమకారం ఉండేది. వాన పడ్డాక నేల దున్నడానికి అనువుగా తయారైన తడిని కూడా పదును అనే అంటాం. కత్తికైనా నేలకైనా పదును శాశ్వతంగా నిలిచేది కాదనీ, అదను చూసి అందుకోవలసినదనీ ఆయన అనేవారు. అందుకే కత్తి పూర్తిగా మొద్దుబారే దాకా ఆగడం ఆయనకు నచ్చేది కాదు. కొంచెం తగ్గినప్పుడే నున్నటి వైపున పది రాపిళ్లు పెడితే గరుకు వైపుతో పని పడేది కాదు. మొద్దుబారే దాకా ఆగితే గరుకు వైపున మొదలుపెట్టాలి. అది నున్నటి వైపు కన్నా ఎన్నో రెట్లు ఉక్కును తింటుంది. ఆయన ఇరవై ఏళ్లకు పైగా నూరినా ఆ కత్తి తరిగింది రెండు మిల్లీమీటర్లే అంటే అందుకు కారణం అదే.

ఎనిమిదేళ్ల వయసులో నేను ఆ రాయికి ఒక ద్రోహం చేశాను. కొన్ని సానరాళ్లకు నూనె వేస్తారని ఎవరో అనగా విని, తాతయ్య నిద్రపోతున్నప్పుడు వంటనూనె గిన్నె తెచ్చి రాయి నిండా పోసేశాను. వంటనూనె గాలికి చిక్కబడి జిగురు కడుతుంది. నూరినప్పుడు రాలిన ఉక్కు పొడి ఆ జిగురులో చిక్కుకుని రాయి రంధ్రాలు పూడుకుపోతాయి. మూడో రోజుకు రాయి అద్దంలా నున్నగా అయి, కత్తి దాని మీద జారుతుందే గానీ నూరుకోదు. తాతయ్య నన్ను ఏమీ అనలేదు. వేడినీళ్లూ, సబ్బూ, గట్టి బ్రష్షూ తెచ్చి నా ముందు పెట్టి, తాను కుర్చీలో కూర్చున్నారు. ఒక సాయంత్రమంతా తోమాను. నూనె వేయదగిన రాళ్లకు వేసేది పలచని మినరల్ నూనె అనీ, నీళ్లు అలవాటైన రాయిని నూనెలోకి మారిస్తే మళ్లీ నీళ్లకు తేవడం కష్టమనీ ఆ సాయంత్రమే నేర్చుకున్నాను. ఆ రాయి ఒక మూల నేటికీ కొంచెం నల్లగా ఉంటుంది.

అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు. పని మధ్యలో కత్తి తెగకపోతే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుగు పూయని వలయం మీద కత్తిని అటు రెండు, ఇటు రెండు సార్లు రుద్ది మళ్లీ పనిలో పడేది. తాతయ్య చూడనట్టు నటించేవారు. పింగాణీ ఉక్కును కొద్దిగా కోసే పదార్థమే కాబట్టి అమ్మ చేసేది తప్పేమీ కాదు. ఇవాళ దుకాణాల్లో దొరికే సిరామిక్ కడ్డీ చేసే పని కూడా ఇంచుమించు అదే. అయితే అమ్మ వాలు రోజుకొకటి కావడం వల్ల, ఆదివారం తాతయ్య కత్తిని చేతిలోకి తీసుకుని, కిటికీ వైపుకు వాదర పైకి వచ్చేలా పట్టుకుని, పెదవి విరిచేవారు. ఆయన చూసేది వెలుగును. పదునైన వాదర ఎంత వెతికినా కంటికి కనిపించదు. మొద్దుబారిన చోట మాత్రం గుండ్రబడిన అంచు వెలుగును తిప్పికొట్టి తెల్లని దారంలా మెరుస్తుంది. కాగితం కోసి చూడడం, టమాటా తొక్క మీద బరువు మోపకుండా లాగి చూడడం వంటి పరీక్షలు ఎన్ని ఉన్నా, నాకు ఇప్పటికీ ఆ తెల్ల దారం మీదే గురి.

తాతయ్య మంచం పట్టిన ఏడాది కత్తి మొదటిసారి బయటి చేతిలో పడింది. కాలితో తిప్పే సానచక్రం వాడు వీధిలోకి వస్తే అమ్మ పంపించింది, నేనే తీసుకెళ్లాను. నిప్పురవ్వలు చిమ్ముతుంటే నాకు ఎంతో అందంగా కనిపించింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది, కత్తి కాగితాన్ని చీల్చేసింది. తెచ్చి చూపించగానే తాతయ్య వాదరను దగ్గరగా చూసి, మొన దగ్గర గోరంత మేర కమిలిన నీలి రంగును చూపించి, "ఇక్కడ ఉక్కు చచ్చిపోయింది" అన్నారు. నాకు ఆ మాట అర్థం కాలేదు. కత్తి ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచాక, పెళుసుదనం పోవడానికి మళ్లీ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెల్లగా వేడిచేస్తారు. ఆ తరువాత అంతకు మించిన వేడి ఎప్పుడు తగిలినా ఆ గట్టితనం కొంత కరిగిపోతుంది. నీళ్లు లేకుండా తిరిగే చక్రం కింద సన్నని వాదరకు ఆ వేడి క్షణాల్లో ఎక్కుతుంది. ఉక్కు మీద నీలి రంగు దాదాపు 300 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. అంటే రంగు కంటపడేసరికే హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఆ నీలి మొన నాలుగు రోజులకే మొద్దుబారేది. మెత్తబడినంత మేరా అరగదీసి, దాని కింది మంచి ఉక్కును బయటికి తెచ్చేసరికి, మరో రెండు మిల్లీమీటర్లు పోయాయి. చక్రం అన్నంత మాత్రాన చెడ్డదేమీ కాదు. నీళ్లలో మునుగుతూ నెమ్మదిగా తిరిగే చక్రాలు ఉన్నాయి, వాటితో వాదర వేడెక్కదు. తప్పు చక్రానిది కాదు, వాటి తేడా తెలియని నాది.

ఉద్యోగం కోసం నేను వేరే ఊరు వెళ్లేటప్పుడు అమ్మ కత్తిని ఒరతో సహా నా పెట్టెలో పెట్టింది. రాయిని కూడా ఇస్తానంటే బరువని వద్దన్నాను. ఆ చిన్న మాట ఖరీదు ఆరు మిల్లీమీటర్లు.

కొత్త ఇంట్లో నేను కొన్న మొదటి షార్పెనర్, కత్తిని గాడిలో పెట్టి మనవైపు లాగే రకం. గాడి లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు రెండు కత్తెర వేసినట్టు ఒకదానికొకటి అడ్డంగా అమర్చి ఉంటాయి. నాలుగు సార్లు లాగితే చాలు, బల్ల మీద సన్నని ఉక్కు పొట్టు రాలేది, కత్తి టమాటాను ఇట్టే కోసేది. తాతయ్య అరగంట పడే శ్రమ నేను అర నిమిషంలో పూర్తిచేస్తున్నానని లోలోపల గర్వపడేదాన్ని. ఆ పొట్టు రాయి మీద మిగిలే బురద లాంటిది కాదనీ, చివ్విన పెన్సిల్ చెక్క లాంటిదనీ నాకు తట్టలేదు. రాయి ఉక్కును నూరుతుంది, ఆ ముక్కలు ఉక్కును గీకి ఊడబెరుకుతాయి. అలా మిగిలిన వాదర సూక్ష్మంగా చూస్తే చిరిగిన కాగితం అంచులా ఉంటుంది. ఆ చిరుగులే మొదట రంపపు పళ్లలా పనిచేసి కత్తి పదునైందనిపిస్తాయి. ఆ పళ్లు వంగి విరిగాక, వారానికే మళ్లీ గాడిలోకి లాగాలి. గాడిలో కోణం ఒక్కటే, కత్తుల కోణాలు అనేకం. గరుకు ఏ వైపు లేచిందో, అసలు లేచిందో లేదో చూసే అవకాశమే ఆ పెట్టె ఇవ్వదు.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఒకసారి అమ్మ వచ్చి, ఉల్లిపాయ తరుగుతూ ఆగిపోయింది. ముక్కలన్నీ కింద ఒకదానికొకటి అతుక్కుని మాల కట్టినట్టు లేచి వచ్చాయి. "ఏమిటే ఇది, కత్తి పలకను ముట్టడం లేదు" అంది. చూస్తే నిజమే. కత్తిని పలక మీద నిలబెడితే పిడికి దగ్గరలో వాదరకూ పలకకూ మధ్య వెలుగు కనిపిస్తోంది. గాడి పిడి అంచు దాకా చేరదు కాబట్టి అక్కడ ఒక చిన్న మెట్టు మిగిలిపోయి, నేను బలంగా లాగడం మొదలుపెట్టే చోట వాదర లోపలికి తినిపోయి గుంట పడింది. పైగా ఎంత పదునుగా ఉన్నా కత్తి క్యారెట్టులోకి దిగేటప్పుడు కోయకుండా దాన్ని పటుక్కున విరిచేది. దీని కారణం నాకు ఇంకా తరువాత తెలిసింది. కత్తి అలుగు వాదర దగ్గర పలచగా ఉండి వెన్ను వైపుకు పోయేకొద్దీ మందమవుతుంది. అరిగిన కొద్దీ వాదర పైకి జరుగుతూ మందమైన చోటికి చేరుతుంది. కొస ఎంత పదునుగా ఉన్నా దాని వెనక ఉన్న మందం చీలమేకులా అడ్డుపడుతుంది. అందుకే వాదరను మాత్రమే నూరుతూ పోతే సరిపోదు. అప్పుడప్పుడు అలుగు పక్కలను కూడా రాయి మీద దాదాపు పడుకోబెట్టి పలచన చేయాలి. తాతయ్య ఏడాదికోసారి కత్తిని బాగా వాల్చి ఒక గంట పాటు నూరేవారు. అది ఆయన చాదస్తమని మేమంతా అనుకునేవాళ్లం.

అమ్మ తిరిగి వెళ్లి, నెల తిరక్కుండా రాయిని పంపించింది. మధ్యలో గుంట పడిన ఆ రాయిని చూడగానే, దాన్ని సరిచేయకుండా కత్తిని సరిచేయలేనని అర్థమైంది. వంగిన రాయి మీద వాలు నిలవదు. దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, మందమైన గాజు పలక మీద తడి గరుకు కాగితం పరిచి, గళ్లన్నీ చెరిగిపోయే దాకా రుద్దాను. అంచుల గళ్లు వెంటనే పోయాయి, మధ్యలోని గళ్లు మాత్రం రెండు రోజులు నిలిచాయి. ఆ గుంట తాతయ్య చేతి కదలిక. దాన్ని చెరిపేస్తున్నానన్న బాధ రెండు రోజులూ నన్ను వదల్లేదు.

కత్తి గుంటను తీయడానికి ఆ రాయి చాలదని 220 గ్రిట్ రాయి ఒకటి కొన్నాను. గ్రిట్ సంఖ్య పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది. 200 నుంచి 400 దాకా చెడిన వాదరను బాగుచేయడానికి, 1000 చుట్టుపక్కల మామూలుగా నూరడానికి, 3000 నుంచి 6000 దాకా నునుపు తేవడానికి పనికివస్తాయి. దేశదేశాల సంఖ్యాపద్ధతులు వేరు కాబట్టి ఒక కంపెనీ 1000కీ మరొక కంపెనీ 1000కీ తేడా ఉండవచ్చు. గుంట పోవాలంటే దాని అడుగు మట్టానికి మిగిలిన వాదరనంతా దించాలి. వారం రోజుల పాటు సాయంత్రాలు నూరాను. వాదర మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి, రెండు రాపిళ్లయ్యాక చూసేదాన్ని. రంగు వాదర కొస దగ్గర పోతే వాలు ఎక్కువైనట్టు, వెనక వైపున పోతే తక్కువైనట్టు, మొత్తంగా పోతే సరిగా ఉన్నట్టు. నాకు ఇంతకన్నా నిజాయితీ గల గురువు దొరకలేదు. గుంట తీసేసరికి మూడు మిల్లీమీటర్లు పోయాయి. అంతకు ముందు గాడి తిన్న మూడుతో కలిపి ఆరు. అలుగు 38కి వచ్చాక తాతయ్య వేలి లెక్క కూడా మారింది. అదే 15 మిల్లీమీటర్ల ఎత్తు ఇప్పుడు 23 డిగ్రీలకు పైన వాలునిస్తుంది. ఆయన 18 డిగ్రీలు కావాలంటే వెన్నును 12 మిల్లీమీటర్ల దగ్గర పట్టాలి. నా చిటికెనవేలు అంతే ఉంది.

ఆ రోజుల ఉత్సాహంలో గట్టి ఉక్కు కత్తి ఒకటి కొని, దానితో పాటు గాడులున్న స్టీలు కడ్డీ కూడా కొన్నాను. కడ్డీ ముఖ్యంగా చేసేది నూరడం కన్నా, వాడకంలో పక్కకు ఒరిగిన వాదరను మళ్లీ నిలబెట్టడం. ఉక్కు గట్టితనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 56, 58 దగ్గర ఉండే మెత్తని కత్తుల వాదర వంగుతుంది కాబట్టి, వాటికి కడ్డీ మేలు చేస్తుంది. 60 దాటిన గట్టి వాదర వంగదు, పెచ్చులూడుతుంది. నేను కడ్డీ మీద టకటకా కొట్టినట్టు ఆడించేసరికి కొత్త కత్తికి మూడు చోట్ల చిన్న పెచ్చులు ఊడాయి. ఆ కడ్డీని అమ్మ ఇచ్చిన పాత కత్తికి మాత్రమే ఉంచుకుని, కొత్తదానికి సన్నని సిరామిక్ కడ్డీ మీద బరువు మోపకుండా రెండు మూడు జార్చుళ్లతో సరిపెడుతున్నాను.

ఏ షార్పెనర్ కొనాలని ఎవరైనా అడిగితే, ఒక వైపు 1000, మరో వైపు 6000 ఉన్న జంట రాయి ఒక్కటి కొనుక్కోమంటాను. కొన్ని రాళ్లను బుడగలు ఆగే దాకా నీళ్లలో నానబెట్టాలి, కొన్నింటికి పైన చిలకరిస్తే చాలు, కొన్నింటిని నానబెడితే పాడవుతాయి కాబట్టి రాయితో వచ్చిన కాగితాన్ని పారేయవద్దు. వజ్రపు రేణువులు అతికించిన పలకలు గుంటపడవు, త్వరగా కోస్తాయి, సిరామిక్ కత్తులకు కూడా అవే తగినవి. అయితే కొత్తలో అవి చాలా ఆకలిగా ఉంటాయి, తేలికగా పట్టాలి. చేతి మీద నమ్మకం లేనివారికి, కత్తిని బిగించి కోణాన్ని కడ్డీతో నిలిపే పరికరాలు మంచివే. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, ఖర్చూ ఎక్కువే, కానీ గరుకును మన వేలికి అందనిస్తాయి. విద్యుత్తుతో నడిచేవాటి గురించి నేను చెప్పేది ఒక్కటే, వాటి ముందు కత్తిని ఒక్క క్షణం ఆపినా అక్కడ గుంట ఖాయం. రంపపు పళ్లున్న బ్రెడ్డు కత్తికి ఇవేవీ పనికిరావు. సన్నగా మొనదేలిన కడ్డీతో ఒక్కో పన్నునూ, వాలు ఉన్న వైపు నుంచే నూరాలి. నేను రెండేళ్లకోసారి ఆ పని మొదలుపెట్టి, సగంలో విసిగి, మిగిలిన సగం మరుసటి రోజుకు వదిలేస్తాను.

నూరడం కన్నా ముందు, మొద్దుబారనివ్వకపోవడం ఎలాగో అమ్మే నేర్పింది. గాజు పలక మీదా, రాతి బండ మీదా, పళ్లెంలోనూ ఆమె ఎప్పుడూ కోయలేదు. తరిగిన ముక్కలను పక్కకు నెట్టడానికి కత్తిని తిప్పి వెన్నుతోనే నెట్టేది. ఇప్పుడు మా అమ్మాయి వాదరతో నెడుతుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నేను ఏమీ అనను గానీ, నా ముఖం చూసి అది కత్తిని తిప్పుతుంది.

కత్తిని బాగుచేసిన రోజున ఒక తెల్లకాగితం మీద దాన్ని పడుకోబెట్టి, చుట్టూ సన్నని పెన్సిలుతో గీత గీసి, ఒరలో దాచాను. ఇంకెంత తింటానో చూద్దామన్న భయంతో చేసిన పని అది. అప్పటి నుంచి రెండు వారాలకోసారి 6000 వైపున పది రాపిళ్లు, తోలు పట్టా మీద నాలుగు లాగుళ్లు, మూడు నెలలకోసారి 1000 వైపు, అంతే. మొన్న అమ్మాయి అడిగాక ఆ కాగితాన్ని బయటికి తీశాం. పదకొండేళ్ల నాటి గీత మీద కత్తిని పెట్టి, పైన అమ్మాయి కొత్త గీత గీసింది. పిడి దగ్గర రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మొన దగ్గర మాత్రం వాటి మధ్య ఒక పెన్సిలు గీతంత తెల్లకాగితం కనిపించింది. అది భూతద్దం తెచ్చి చూసి, "అక్కడ ఎక్కువ రుద్దుతున్నావమ్మా" అంది. తరువాత రాయిని తడిగుడ్డ మీద పెట్టి, వెన్ను కింద తన చిటికెనవేలిని దూర్చి చూసుకుంది. దాని వేలు ఇంకా సన్నం, కింద ఇంకొక మడత కాగితం పెట్టవలసి వచ్చింది.